ఆరు తర్వాతి అంకె

పోయిన వారం కరియమ్మను కునుకమ్మ చేలో, మోకాలి లోతు బురదలో నిలబెట్టి వదిలేశానని చాలామందికి నా మీద కోపంగా ఉంది. ఉండనివ్వండి. వారం రోజులు బురదలో నిలబడితే ఎవరూ చావరు, పదిహేనేళ్ళ పిల్ల అసలే చావదు. ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి మొహమాటపడకండి, వచ్చి కూర్చోండి. ఇంతవరకు జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నిడుగల్లు కొండ కింద ఊళ్ళో చిక్కన్న, భాగీరథమ్మలకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ముత్తక్క పోయిన కార్తీకంలో వేరుశనగ పీకుతుంటే పాము కరిచి చనిపోయింది. పదిహేడేళ్ళ పిల్ల. చిన్నది కరియమ్మ, హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. ఆ తర్వాత చిక్కన్న గొర్రెలను తోలుకుని మేత దొరికే సీమకు పోయాడు, భాగీరథమ్మ నిద్రలోకి పోయింది. మొదట మధ్యాహ్నం చిన్న కునుకు. తర్వాత పూటంతా. ఇప్పుడు పదకొండు రోజులుగా లేవనే లేదు. ఎందుకు లేస్తుంది? కలలో పెద్దకూతురు కనిపిస్తుంది, లేస్తే కనిపించదు. గొంతులో నీళ్ళు కూడా దిగడం లేదు, ఈ రోజు గడిస్తే గొప్ప అని ఆసుపత్రి నర్సు చెప్పి వెళ్ళింది. ఆ మాట వినగానే కరియమ్మ మధ్యాహ్నం ఎండలో తలుపు దగ్గరకు వేసి, అమ్మ పక్కన పడుకుని, అమ్మ కొంగును తన మణికట్టుకు ముడి వేసుకుని, అమ్మ కలలోకి దిగింది.

కొండ కడుపులో ఒక చేను ఉంది. పైన ఊరు మొన్నటి దాకా మూడేళ్ళు చినుకు కోసం మొహం వాచి ఉంటే, లోపల ఆ చేలో మాత్రం జల్లు ఆగదు. బతికున్నవాళ్ళు నిద్రలో కార్చే కన్నీళ్ళే ఆ వాన. దుఃఖం పట్టలేక నిద్రకు పోయిన జనం అక్కడ తీగల కింద సాళ్ళు సాళ్ళుగా పడుకుని ఉంటారు. చనిపోయినవాళ్ళు వాళ్ళ పక్కనే, నడుము దాకా మట్టిలో నాటుకుని కూర్చుని ఉంటారు. ఆ చేను కునుకమ్మది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "మీయమ్మ చెవులో ఏడు దాకా ఎంచు పాపా. లేస్తే తోలుకోని పో. మూడు తూర్లు ఎంచొచ్చు. మూడో తూరి గూడా లేయకపోతే నువ్వూ ఈడనే పండుకోవాల."

మొదటిసారి ఎంచింది. అమ్మ లేవలేదు. నిద్రలోనే ఏడ్చింది. అక్కడ మనం ఆగాం.

కునుకమ్మ భయంకరంగా ఉంటుందని మీరు ఊహించుకుని ఉంటే నేనేం చేయలేను. బక్కచిక్కిన ముసలమ్మ. కళ్ళు ఎప్పుడూ మూసే ఉంటాయి. గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బొటనవేలితో టప్ టప్‌మని కాయలు ఒలుస్తూ, మధ్యమధ్యలో ఇంత నోరు తెరిచి ఆవులిస్తుంది. ఒక్కో కాయలో ఒక్కో మనిషి కల ఉంటుంది. ఆ గింజ ఆమె నోట్లో పడిందంటే ఆ మనిషి ఇక లేవడు. ఆ నమలడం కూడా ఎంత తీరిగ్గా నములుతుందో! ఆవిడలో నాకు నచ్చనిది అదే. చేసేది ఘోరం, చేసే తీరు పెళ్ళి భోజనం.

"ఏం పాపా, రెండోది ఎంచుతావా, నన్ను ఇంగో కాయ ఒలుచుకోమంటావా?" అంది.

కరియమ్మ అమ్మ పక్కన బురదలో కూలబడింది. తీగలు భాగీరథమ్మ నడుము దాకా అల్లుకుని ఉన్నాయి. చెవి దగ్గర నోరు పెట్టి, ఈసారి నెమ్మదిగా, ముద్దుగా ఎంచింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." ఐదు దగ్గర అమ్మ కనురెప్ప కదిలింది. ఆరు దగ్గర పెదవి విప్పింది. కరియమ్మ ఇంకా దగ్గరకు వంగింది.

"ఏడు."

భాగీరథమ్మ మొహం ముడుచుకుపోయింది. మూసిన కళ్ళలోంచి ధారలుగా నీళ్ళు. చేను మీద జల్లు పెద్దదైంది. తీగలు నడుము నుంచి రొమ్ము దాకా పాకాయి. కునుకమ్మ సంతోషంగా ఆవులించింది.

"చాల్లే మే, మళ్ళా తడిపేస్తివి!" అని పక్కనుంచి ఎవరో కసురుకున్నారు.

ముత్తక్క. అవును, చనిపోయిన ముత్తక్కే. నడుము దాకా మట్టిలో, తల మీద కొంగు గొడుగులా పట్టుకుని, బతికున్నప్పుడు ఎంత చిరాగ్గా ఉండేదో అంత చిరాగ్గా కూర్చుని ఉంది. చావు మనిషిని మారుస్తుందంటారు గానీ ముత్తక్కను మార్చడం దాని వల్ల కూడా కాలేదు.

"ఏడు నెల్లాయ మే, నా కింద ఆరిందే లేదు. పగలూ అమ్మే, రాత్రీ అమ్మే, మధ్యలో నువ్వు గూడా దిండులో మొగం పెట్టుకోని వొగ చెంబెడు. సచ్చిపోయినోళ్ళకి గూడా జలుబు చేస్తాదని నాకెవురన్నా చెప్పినారా? తుమ్మి తుమ్మి ముక్కు ఊడిపోయే మాదిరి ఉండాది."

కరియమ్మకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. ఏడు నెలలుగా ఆ గొంతు వినని పిల్ల, వినగానే ఆ మెడ పట్టుకుని బురదలో దొర్లింది.

"వదులు మే, ఊపిరాడదు. నాకు ఊపిరి అక్కర్లేదు గానీ, అయినా వదులు!"

"అకా, అమ్మ ఎందుకు లేయదు? నేను సరిగ్గానే ఎంచినా గదా?"

"ఏడు అన్నావు, ఏడ్చె. ఏడ్వమంటే ఏడ్వకుండా నవ్వుతాదా ఏంది?" అంది ముత్తక్క, ఆటకు అన్నట్టు.

కరియమ్మ అక్క మెడ వదిలేసింది. ఆ అంకే అమ్మను ఏడవమంటోందని అప్పుడు తట్టింది. మీకు ఈ సంగతి ఎప్పుడో అర్థమై ఉంటుంది. అరుగు మీద పత్రిక పట్టుకుని కూర్చున్నవాళ్ళకు అన్నీ తొందరగానే అర్థమవుతాయి. బురదలో అమ్మను పెట్టుకుని నిలబడి చూడండి, తెలుస్తుంది.

పిల్ల విసవిసా గట్టు దగ్గరకు నడిచింది. "ఇదేనా నీ మోసం? అంకె ఎంచమని చెప్పి మా నోటితోనే మావోళ్ళని ఏడ్పిస్తాండావా?"

"మోసం ఏంది పాపా?" కునుకమ్మ బొటనవేలు ఆగలేదు. "అంకె మీదే, మాట మీదే. మొగుడి కోసరం వచ్చినోళ్ళు, బిడ్డ కోసరం వచ్చినోళ్ళు, ఎంతమంది వచ్చి ఎంచిపోయినారో మూడు నూర్ల ఏండ్లుగా. ఆరు దాంకా అందురూ శానా బాగా ఎంచుతారు."

"ఆ అంకె పలక్కుండా ఎగరేస్తే?"

"ఎగరేస్తే మూడోది అయిపోయినట్లే. నీకు పక్క గూడా పరిపించి పెట్టినా, చూసుకో."

నిజంగానే భాగీరథమ్మ పక్కన సాలులో, కరియమ్మ పొడుగుకు సరిగ్గా సరిపడే గాడి ఒకటి తవ్వి ఉంది. దాని అంచున లేత తీగలు అప్పుడే తలెత్తి చూస్తున్నాయి. అది చూడగానే కరియమ్మకు ఇల్లు గుర్తొచ్చింది. తను ఇక్కడ పడుకుంటే ఇంట్లో నాన్నను కన్న అవ్వ ఒక్కతే. నాన్న గొర్రెలతో తిరిగి వచ్చేసరికి ఇంట్లో రెండు శవాలు.

వెనక్కి వచ్చిన చెల్లెలి చెయ్యి ముత్తక్క పట్టుకుని లాగి దగ్గర కూర్చోబెట్టుకుంది. "నువ్వు ఉండిపోతే నాకు తోడు దొరుకుతాది. అయినా వద్దు మే. బతికినప్పుడే నీ గురకతో సచ్చేదాన్ని. ఇంగ ఎప్పటికీ అంటే నా వల్ల గాదు."

"నేను గురక పెట్టను!"

"నీ గురక కన్నా ఓబళప్ప తాతదే మేలు. విను కావాలంటే." రెండు సాళ్ళ అవతల, భార్య పోయిన దుఃఖంలో నిద్రకు పడిన ఓబళప్ప కొండచరియలు విరిగినట్టు గురక పెడుతున్నాడు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ చేలో అంతవరకు ఎవరూ నవ్వి ఉండరు. కునుకమ్మ మొదటిసారి చిరాగ్గా ముక్కు ఎగబీల్చింది.

"నవ్వింది చాలు. మూడోది ఎంచు."

కరియమ్మ లేచి వెళ్ళి అమ్మ చెవి దగ్గర కూర్చుంది. నవ్వు పోయి భయం పట్టుకుంది. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కన్నడ రాష్ట్రంలో ఉన్న ఆ తాలూకాలో పిల్లలకు తిట్లు తెలుగు, లెక్కలు కన్నడం. ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడతారు, బడిలో మేష్ట్రు బెత్తం పట్టుకుని కన్నడంలో ఎక్కాలు చెప్పిస్తాడు. అందువల్ల భయం వేసినప్పుడు లెక్క వాళ్ళ నోట్లోంచి ఎప్పుడూ బడి భాషలోనే వస్తుంది. బెత్తం చూసి నేర్చుకున్నది బెత్తం గుర్తొస్తే కదా బయటికి వచ్చేది.

"ఒందు," అంది కరియమ్మ.

"అయ్యో, అది ఇస్కూలు లెక్క మే!" ముత్తక్క నెత్తి కొట్టుకుంది. మూడో తరగతిలోనే బడి మానేసి గొర్రెల వెంట పోయిన పిల్ల, కన్నడం అంటేనే ఆమెకు ఒళ్ళు మంట. "తప్పు, తప్పు! మళ్ళా మొదట్నుంచి ఎంచు!"

"మొదులు పెట్టినాక ఆపేది లేదు," అంది కునుకమ్మ హాయిగా. "ఎట్లన్నా ఎంచనీ. కానీ పాపా."

"ఎరడు," అంది కరియమ్మ. తప్పు చేశానని తెలిసినా ఇక ఆపడానికి లేదు. "మూరు. నాల్కు."

భాగీరథమ్మ కనురెప్ప కదిలింది.

"ఐదు. ఆరు."

ఐదూ ఆరూ రెండు భాషల్లోనూ ఒకటే. ఆ రెండు అంకెలు వినేసరికి పిల్ల మళ్ళీ తెలుగులోకి వచ్చిందని కునుకమ్మ అనుకుని ఉండాలి. కాయను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రాబోయే ఏడుపు కోసం ఎదురు చూసింది. అంతలో ఏం తోచిందో, బొటనవేలు ఆగిపోయింది. మూడు వందల ఏళ్ళలో మొదటిసారి కళ్ళు తెరిచింది.

"ఆగు పాపా," అంది. గొంతులో ఆవులింత లేదు. "కొంచేపు ఆగు. మాట్లాడుకుందాం."

కరియమ్మ ఆ కళ్ళలోకి చూసింది. అక్కడ ఉన్నది భయం. ఎందుకు భయపడుతోంది ఈ ముసల్ది? ఆరు తర్వాత ఏముందని? కన్నడంలో ఆరు తర్వాత...

ఒక్కసారిగా వెలిగింది. పిల్ల బురదలో నిటారుగా లేచి నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, కొండ పగిలేలా కేక పెట్టింది.

"ఏళు!"

కన్నడం రానివాళ్ళ కోసం చెబుతున్నాను. వాళ్ళ ఏడు 'ఏళు'. వాళ్ళ 'లే' కూడా 'ఏళు'. బస్సు కండక్టరు అదే అంటాడు, ఆసుపత్రి ఆయమ్మ అదే అంటుంది, కచేరీ వరండాలో కునుకు తీస్తే జవాను అదే అంటాడు. ఏళు, ఏళు, ఏళమ్మా. ఆ తాలూకాలో బడి మొహం చూడనివాళ్ళు కూడా ఆ మాట వింటే ఒక్క ఉదుటున లేచి మూట సర్దుకుంటారు.

భాగీరథమ్మ ఒక్క ఉదుటున లేచింది. తీగలు పటపటా తెగిపోయాయి. "ఏందప్పా కండక్టరూ, పావగడ వచ్చెనా?" అని కళ్ళు నులుముకుంటూ పక్కన మూట కోసం తడిమింది.

కరియమ్మ ఆ మెడకు వేలాడింది. నవ్వుతోంది, గెంతుతోంది, ఏం మాట్లాడుతోందో తనకే తెలియదు. "వచ్చె మా, వచ్చె! దిగు, దిగు!"

కేక ఒక్క అమ్మ చెవిలోనే పడిందా? చేను చేనంతా విన్నది. సాళ్ళలో పడుకున్న జనం ఒకరి తర్వాత ఒకరు మట్టి దులుపుకుంటూ లేచారు. ఎవరి గొడవ వాళ్ళది. "నా చెప్పు వొగటి లేదు, ఎవురు తొడుక్కున్నారప్పా?" అని ఓబళప్ప అరుస్తున్నాడు. "పొయ్యి మింద ఎసరు పెట్టేసి వచ్చినానే సామీ!" అని ఒకావిడ పరుగు అందుకుంది. సంతలాగా ఉంది అక్కడ. కునుకమ్మ ఒళ్ళోని చాటలో కాయలు వాటంతటవే పగిలి, గింజలు బిలబిలా ఎగిరిపోయాయి. ఎంత సంబరం వేసిందో రాస్తున్న నాకే. ఇన్ని వారాలు ఈ చేలో జనాన్ని పడుకోబెట్టి పెట్టినందుకు నాకూ కంటి మీద కునుకు లేదు.

చనిపోయినవాళ్ళు మాత్రం లేవలేదు. లేవరు. కూర్చున్న చోటి నుంచే చేతులు ఊపుతున్నారు. ముత్తక్క అందరికన్నా ఎక్కువ ఊపుతోంది.

భాగీరథమ్మ ఆమెను చూసింది. పదకొండు రోజులు ఆ పక్కనే పడుకుని ఏడ్చిన మనిషి, ఇప్పుడు మామూలుగా, ఊళ్ళో వీధి చివర కనిపించినట్టు నవ్వింది. "నువ్వూ ఈడనే ఉండావా మే? చేను కాడ ఎండలో తిరగద్దు. బువ్వ నేను తెస్తాలే."

ముత్తక్క చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత గట్టిగా ఊపింది. "తే మా! నెయ్యి ఎక్కువ వెయ్యి!"

గట్టు మీద కునుకమ్మ లేచి నిలబడి చీర మడతల్లోని పొట్టు దులుపుకుంటోంది. కోపం లేదు మొహంలో. "లేసినోళ్ళంతా లేస్తిరి. తోలుకోని పో పాపా. మీయమ్మ ఏడుపు మాత్రం నా చేన్లోనే పడిపోయినాది. దాన్ని గూడా ఏరుకోని పోతావా, నాకే వదిలిపెడతావా?"

"పెట్టుకో అవ్వా, నీకే!" అంది కరియమ్మ వెనక్కి కూడా తిరగకుండా. "మాకేం పని దాంతో!"

కళ్ళు తెరిచేసరికి ఇల్లు. తలుపు సందులోంచి ఎండ. పక్కన అమ్మ లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది. కాళ్ళ దగ్గర కునుకుతున్న అవ్వ కదిరమ్మ ఉలిక్కిపడి లేచి, కోడలిని చూసి, బుగ్గలు నొక్కుకుని, ఏం చేయాలో తోచక చీపురు పట్టుకుని ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది.

"ఆకలవుతాంది అత్తా," అంది భాగీరథమ్మ. ఆ ఇంట్లో ఆ మాట విని ఎన్నాళ్ళైందో! అవ్వ రాగి సంగటి గెలికి, రోట్లో వేరుశనగల ఊరిబిండి పచ్చడి నూరింది. అమ్మ మూడు ముద్దలు తిన్నది. కరియమ్మ ఎదురుగా కూర్చుని ఒక్కో ముద్ద గొంతు దిగడం చూసింది. అప్పుడే వీధిలో కేకలు: ఓబళప్ప లేచాడట, లేచి చెప్పు కోసం తిడుతున్నాడట. మొన్న రాత్రి పడిన వానకు నేల పదునెక్కి ఊరంతా విత్తనాల పనిలో ఉంది. విత్తే గొర్రు కట్టిన ఎద్దుల గంటలు, మనుషుల అరుపులు, ఇన్నేళ్ళ కరువు తర్వాత తడి మట్టి వాసన. కరియమ్మకు ఊరి నడి వీధిలో నిలబడి చిందులు వేయాలనిపించింది. నిజంగానే రెండు చిందులు వేసింది కూడా, అవ్వ చూసి తిట్టింది.

అమ్మ గిన్నెలో ఇంకో ముద్ద పెట్టి, నెయ్యి దండిగా వేసి, గుడ్డ కట్టింది.

"అది ఎవురికి మా?"

"ముత్తక్కకు. చేను కాడ ఉండాది గదా."

అవ్వ చేతిలోని చీపురు జారింది. అమ్మ అప్పటికే గడప దాటింది.

కరియమ్మ వెనకాల పరుగెత్తింది. అమ్మ నడక ఎంత చురుగ్గా ఉందంటే అందుకోవడమే కష్టమైంది. ఎదురుపడిన పక్కింటి రంగక్క, "లేస్తివా వదినా!" అని రెండు చేతులూ పట్టుకుంది. "లేచినాలే వదినా, బిడ్డకు బువ్వ ఎత్తుకపోతాండా," అంది అమ్మ నవ్వుతూ. రంగక్క నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. కరియమ్మ వైపు చూసింది. కరియమ్మ తల అడ్డంగా ఊపింది, ఏమీ అనొద్దని.

చేను గట్టు వరకు అమ్మ ఆ కబురూ ఈ కబురూ చెబుతూనే ఉంది. ఈసారి కాపు బాగుంటే ఇద్దరికీ లంగా ఓణీలు తీస్తానంది. కరియమ్మ ఊ కొడుతోంది. అమ్మ ఏం వదిలేసి వచ్చిందో, "మాకేం పని దాంతో" అని తను ఏం ఇచ్చేసిందో ఇప్పుడు తెలిసింది. ఏడుపుతో పాటు, ఎందుకు ఏడ్చిందో కూడా అక్కడే ఉండిపోయింది.

వాళ్ళ చేలో, తూర్పు మూల, బారెడు పొడవున రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఆ ఊళ్ళో వాళ్ళ వాళ్ళను వాళ్ళ వాళ్ళ చేలలోనే పూడ్చుకుంటారు, నక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పెడతారు.

"ఇదేంది మే?" భాగీరథమ్మ గిన్నె గట్టు మీద పెట్టింది. "మన చేన్లో రాళ్ళు ఎవురు కుప్పేసినారు? గొర్రు ఎట్ల తిరగాల?" అంటూనే వంగి పై రాయి ఎత్తి గట్టు మీదికి విసిరింది. ఇంకోటి విసిరింది. పదకొండు రోజులు పడుకున్న మనిషికి ఎక్కడిదో అంత బలం. "చూస్తా నిలబడతావేందే? మీయక్క వచ్చే లోపల తీసేద్దాం. రెండు సాళ్ళు పడతాయి ఈడ. రా, ఈ పెద్దదానికి ఆ పక్క పట్టు."

పడితే అమ్మ నవ్వు నిలుస్తుంది. ఆ రాళ్ళ కింద ఉన్నది బయటపడే దాకా నిలుస్తుంది. చెబితే అమ్మ మళ్ళీ నిద్రకు పోవచ్చు, నాలుగోసారి ఎంచడం అంటూ లేదు. కరియమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి చాచి, రాయిని కాదు, అమ్మ మణికట్టును పట్టుకుంది.

"మా, ఇవి ఎవురూ కుప్పేయలే. కార్తీకంలో వాగులో నుంచి వొగొక్కటే ఏరుకోనొచ్చి నువ్వే పెడితివి."

భాగీరథమ్మ మొహం మీద నవ్వు ఇంకా ఉంది. చేతిలో రాయి అలాగే ఉంది.

"నేనా?" అంది. "ఎందుకు పెడితినే?"